పద్నాలుగో నిబంధన

జిరాక్స్ షాపు నుంచి,
మార్చి 4

మరిదిగారికి,

వదిన రాస్తున్నది. నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను. తలవడం తప్ప చేసేదేముంది? ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటావు, మెసేజ్ పెడితే డ్యూటీ అంటావు. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు కదా అని కాగితం తీశాను. షాపులో కాగితాలకి కొదవా!

విషయానికొస్తాను. మన మూల గ్యాలరీ ఫుట్‌బాల్ అభిమానుల సంఘానికి ముప్పై నాలుగు టికెట్లు వచ్చాయి. మీ దేశం జట్టుతో మన జట్టు ఆడే మొదటి మ్యాచ్‌కే. (మీ దేశం అన్నానని నొచ్చుకోకు. మూడేళ్ళుగా అక్కడే ఉన్నావు, రేషన్ కార్డు ఒక్కటే తక్కువ.) పోస్టుమాన్ బాబాయి హుషారు చూడాలి. సంఘం అధ్యక్షుడి హోదాలో టికెట్లన్నీ తనే ఇల్లిల్లూ తిరిగి పంచాడు, ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించుకుని మరీ. రిటైరైనా చెయ్యి ఊరుకోదు.

టికెట్లతో పాటు ఒక పుస్తకం పంపారు. ‘అతిథులు పాటించవలసిన స్థానిక మర్యాదలు’ అట. నలభై నిబంధనలు. అందరికీ కాపీలు తీసింది నేనే కాబట్టి కంఠతా వచ్చేసింది. మోకాళ్ళు కనపడకూడదు. నోట్లో వేళ్ళు పెట్టి ఈల వెయ్యకూడదు. నిలబడి తినకూడదు. ఎదుటివాళ్ళకి అరికాలు చూపించకూడదు. అరికాలు చూపించకుండా ఫుట్‌బాల్ ఎలా ఆడతారో ఆటగాళ్ళే చూసుకుంటారులే. నా గొడవ పద్నాలుగో నిబంధనతో. ‘డోళ్ళు, డ్రమ్ములు స్టేడియంలోకి తేరాదు. స్థానిక ఆచారాన్ని గౌరవించండి.’ ఏ ఆచారమో మాత్రం ఎక్కడా రాయలేదు.

డోలు లేని మూల గ్యాలరీ ఏమిటయ్యా? అందులోనూ ఆ డోలు. మా తమ్ముడు తొంభై నిమిషాలూ కూర్చోకుండా గిరగిరా తిరుగుతూ వాయించిన డోలు. వాడికి బొంగరం అన్న పేరు వచ్చిందే దానివల్ల. మీరిద్దరూ ఒకే రోజు విమానం ఎక్కారు. నువ్వు బస్సు తోలడానికి, వాడు ఆ స్టేడియంలో కుర్చీలు బిగించడానికి. “అక్కా, తూర్పు గ్యాలరీ మొత్తం నా చేతి కుర్చీలే, మనవాళ్ళొస్తే అక్కడే కూర్చోబెట్టాలి” అనేవాడు. పోయిన ఆగస్టులో పెట్టెలో వచ్చాడు. గుండె ఆగిందని కాగితం. ఇరవై ఏడేళ్ళ గుండె!

మేం అడిగి మరీ తూర్పు గ్యాలరీ టికెట్లు తీసుకున్నాం. వాడు బిగించిన కుర్చీల మధ్య వాడి డోలు ఒక్కసారి మోగాలి. నాకింకేమీ అక్కర్లేదు. జట్టు ఓడిపోయినా నాకు చింత లేదు. ఈ మాట బాబాయికి మాత్రం చెప్పకు.

కాబట్టి ఆ ఆచారం ఏమిటో, దానికి మినహాయింపు ఏమైనా ఉందో కనుక్కుని రాయి. మీ అన్నయ్య బాగున్నాడు, ఎప్పటిలాగే నోరు మెదపడు. మా అమ్మ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి, మంచం దిగడం లేదు.

వదిన

*

బస్సు డిపో, మూడో గది,
మార్చి 27

వదినకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. గదిలో మేం నలుగురు డ్రైవర్లం. కవరు మీద నీ గుండ్రటి దస్తూరీ చూసి ముగ్గురూ ‘ఎవరో అమ్మాయి’ అని ఏడిపించారు. మా వదిన అంటే నమ్మరు.

ఇక్కడ పనితో ఊపిరి సలపడం లేదు. పోయిన వారం ఉత్తుత్తి మ్యాచ్ ఒకటి పెట్టి, గేట్లూ బస్సులూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నారు. నా బస్సులో బయటి దేశాల అభిమానులు నలభై మంది. సగం మంది నిక్కర్లలో వచ్చారు. గేటు దగ్గర వాళ్ళకి కాగితపు లుంగీలు ఇచ్చారు. చెమటకి అవి తడిసి పీలికలైపోయి, ఆట సగం కాకముందే మోకాళ్ళు యథాస్థానానికి వచ్చేశాయి.

తిరుగు దారిలో ఒకాయన బస్సులో ఈల వేశాడు. ఇక్కడ ఈల వేస్తే కుక్కని పిలిచినట్టు లెక్క. మా కండక్టరమ్మ లేచింది. “మీ ఇంటికి నేనొస్తే చెప్పులెక్కడ విడవాలో మీరే చెప్తారా లేదా?” అంది. ఆయన ఊరుకుంటాడా? “నేను మీ ఇంటికి ఊరికే రాలేదమ్మా, రమ్మని ప్రపంచమంతా చాటింపు వేసింది మీరే” అన్నాడు. దిగేదాకా ఒకటే వాదన. కుడివైపు అద్దంలో చూస్తే ఆమెదే న్యాయం అనిపించింది, ఎడమవైపు అద్దంలో చూస్తే ఆయనది.

ఇక నువ్వు అడిగిన సంగతి. ఇక్కడివాళ్ళకి డోలు చప్పుడు పడదు వదినా. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. మినహాయింపులు కూడా లేవు. గేటు దగ్గర లాక్కుంటారు, తిరిగి ఇవ్వరు. బంగారం లాంటి వస్తువు పోగొట్టుకోవడం ఎందుకు? డోలు ఇంట్లోనే ఉంచి రండి. చప్పట్లు కొట్టొచ్చు, పాడొచ్చు, దానికి అడ్డు లేదు. ఏ ఎండకా గొడుగు పట్టాలి కదా.

అత్తయ్యకి నొప్పులకి రాసుకునే మందు ఒకటి పంపిస్తున్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరిది

*

జిరాక్స్ షాపు,
ఏప్రిల్ 15

మరిదికి,

మందు వచ్చింది. అమ్మ వాసన చూసి పక్కన పెట్టేసింది.

నువ్వు పట్టమన్న గొడుగు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇక్కడి రభస విను. ఆదివారం సంఘం సమావేశం షాపులోనే పెట్టాం. లెక్కల మాస్టారు లేచి, “కట్టినవాళ్ళు పెట్టెల్లో వెనక్కొచ్చిన స్టేడియం అది. వాళ్ళు మనకి మోకాళ్ళ మర్యాద నేర్పడమా? మనం పోనే కూడదు” అన్నాడు. బాబాయికి కోపం వచ్చింది. “ఆట వేరు, అది వేరు మాస్టారూ. ఒకరి ఇంటి పద్ధతి నచ్చలేదని పెళ్ళి మానుకుంటామా?” అన్నాడు. “ఆ ఇంట్లో మనవాళ్ళు చచ్చిపోతుంటే మానుకోమా?” అని ఈయన. ఇద్దరూ నా జిరాక్స్ మిషన్‌కి అటొకరూ ఇటొకరూ నిలబడి దాని మూత మీద గుద్దులు. నేను మధ్యలో దూరి, మనుషులకి దెబ్బ తగిలితే మానుతుంది గానీ మిషన్‌కి తగిలితే మెకానిక్ రావాలని మొత్తుకున్నాను.

అప్పుడు మన వెనక వీధి నర్సమ్మ నోరు విప్పింది. ఆమె ఆ దేశం ఆసుపత్రిలో ఏడేళ్ళు చేసి వచ్చిన మనిషి. “అక్కడ డోలు చావుకి మాత్రమే కొడతారు. వేరే దేనికీ కొట్టరు” అంది.

చప్పుడు పడదన్నావు కదయ్యా నువ్వు? ఏడేళ్ళున్న నర్సుకి తెలిసింది, మూడేళ్ళున్న డ్రైవరుకి తెలియలేదా? నాకు ఒళ్ళు మండిపోతోంది. నాకు చెప్పకపోవడానికి అందులో ఏముంది? చావుకే కొడతారంటే ఇంకా మంచిదే. మేం తెచ్చేది చచ్చిపోయినవాడి డోలే కదా!

ఒక్క ప్రశ్న. ఆ ఊళ్ళో అంత ఆచారం ఉంటే మా తమ్ముడికి కొట్టారా?

వదిన

*

బస్సు డిపో,
మే 2

వదినా,

నర్సమ్మ చెప్పింది నిజమే. చెప్పకపోవడం నాదే తప్పు. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక్కడ పద్ధతి ఇదీ. ఎవరైనా పోతే డోలు కొడతారు. అది చెవిన పడ్డవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోతారు. అన్నం తినేవాడు చెయ్యి దించి లేస్తాడు. బస్సు నడిపేవాడు బస్సు ఆపుతాడు. మొదటి నెలలో నాకు తెలియక ఆపలేదని బస్సంతా నన్ను తిట్టిపోసింది. దగ్గరున్నవాళ్ళు “ఎవరు?” అని అడుగుతారు. కొట్టేవాడు పేరు చెప్పాలి. “ఎలా?” అని అడుగుతారు. అదీ చెప్పాలి. విన్నవాళ్ళంతా ఆ పేరు ఒకసారి నోటితో పలికి, అప్పుడు కదులుతారు. ధనికుడికైనా పేదవాడికైనా అంతే.

బావకి కొట్టలేదు. మనం బయటివాళ్ళం కదా.

దయచేసి డోలు తేకండి. ఊరికే రండి, ఆట చూడండి. నేనే మిమ్మల్ని నా బస్సులో తీసుకెళ్ళి వాడి కుర్చీల్లో కూర్చోబెడతాను.

మరిది

*

జిరాక్స్ షాపు,
మే 14

నీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. కుక్కకి ఈల, మనిషికి డోలు, మన బొంగరానికి ఏమీ లేదు! ఇక ఆపుకోలేకపోయాను. ఎవరూ వెళ్ళడానికి వీల్లేదని నేనే తీర్మానం పెట్టాను. ఇరవై ఐదు చేతులు లేచాయి. బాబాయి, ఇంకో ఎనిమిది మంది మాత్రం వెళ్ళి తీరుతామన్నారు. బాబాయికీ నాకూ మాటల్లేవు. పేపరు వాళ్ళకి ఇవ్వడానికి తమ్ముడి కాగితాలన్నీ ఒక ఫైలుగా చేద్దామని అటక మీది కాగితాల పెట్టె దించాను.

మరిదీ, ఇప్పుడు నేను రాసేది నిదానంగా చదువు.

పదకొండేళ్ళుగా కాపీలు తీయడమే నా పని. కాగితం మీద చీటీ అడ్డం పెట్టి కాపీ తీస్తే ఆ చీటీ అంచు సన్నటి గీతలా పడుతుంది. మామూలువాళ్ళ కంటికి అది ఆనదు. ‘కొన్నాళ్ళుగా ఛాతీ నొప్పి అంటున్నాడని మృతుని బంధువు తెలియజేశారు’ అన్న కాగితం కింద, సంతకం ఉండాల్సిన చోట, ఆ గీత ఉంది. చీటీ కాస్త పొట్టిదైంది. దాని కింద నుంచి ఒక అక్షరం తోక బయటకి వచ్చింది. అది మన భాష అక్షరం.

ఈ కాగితాలు కాపీ తీసి నాకు పంపింది నువ్వు.

ఇంకేమీ అడగను. రాయి.

*

బస్సు డిపో,
మే 29

వదినా,

సంతకం నాదే. చీటీ పెట్టిందీ నేనే. డిపో ఆఫీసు మిషన్ మీద, ఎవరూ లేనప్పుడు.

వాడికి ఛాతీ నొప్పి ఎప్పుడూ లేదు. మర్నాడు పెద్దలు తనిఖీకి వస్తున్నారని ఆ రోజు పొద్దుటి నుంచీ పరుగులు పెట్టించారు. ఇరవై మూడో వరస పైన రెయిలింగు ఇంకా బిగించలేదు. ముప్పై మంది పనివాళ్ళకి నడుముకి కట్టుకునే బెల్టులు పన్నెండే. బావ వంతుకి రాలేదు. నేను షిఫ్టు వాళ్ళని ఎక్కించుకోవడానికి కింద బస్సుతో ఉన్నాను. పడటం చూడలేదు, చప్పుడు విన్నాను. ఏదో కుర్చీల కట్ట జారిందనుకుని హారన్ కొట్టాను, తొందరగా దిగి రమ్మని.

సాయంత్రం సూపర్‌వైజరు ఆఫీసులో కూర్చోబెట్టాడు. పడ్డాడని రాస్తే విచారణ. శవం నెలల తరబడి ఐసు గదిలో. సాక్షిగా నేనూ ఇక్కడే, బస్సు ఉద్యోగం ఉండదు. గుండె అని రాస్తే శుక్రవారం విమానం. అత్తయ్యకి కొడుకు ముఖమైనా చూపించొచ్చని సంతకం పెట్టానని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో సగం నిజం. రెండో సగం ఉద్యోగం పోతుందన్న భయం. పెట్టెకి సీలు వేసి పంపుతారనీ, తెరవనివ్వరనీ నాకు తెలియదు. ఆవిడ ఆ చెక్క మీద చెయ్యి వేసుకుని కూర్చుందని నువ్వు రాశావు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దిండు కింద ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. బావకి కొట్టలేదని రాశాను, మనం బయటివాళ్ళమన్నాను. అది కూడా అబద్ధమే. క్యాంపులో నేల తుడిచే తాత ఒకాయన ఉన్నాడు, ఇక్కడివాడే. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి సైకిలు వెనక కట్టుకుని డోలు తెచ్చాడు. “చుట్టానివి నువ్వే. కొట్టు. నేను అడుగుతాను, నువ్వు చెప్పు” అన్నాడు. నేను కొట్టలేదు. ఇక్కడ డోలు ముందు అబద్ధం చెప్పినవాడి చేతి మంచినీళ్ళు కూడా తాగరు. “ఎలా?” అని అడిగితే ఏం చెప్పను, అప్పుడే సంతకం పెట్టి వచ్చాను! మా వైపు ఆ అలవాటు లేదన్నాను. తాత నా ముఖం చూశాడు, డోలు మళ్ళీ సైకిలుకి కట్టుకున్నాడు. ఇప్పుడు స్టేడియంలోనే పని ఆయనకి. రోజూ బస్సు ఆపే చోట నా కాళ్ళ చుట్టూ తుడిచి పోతాడు, నాతో మాట్లాడడు.

నీ ఉత్తరం వచ్చాక వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. పద్నాలుగో నిబంధన గురించి అడిగాను. నవ్వాడు. “డోలు కొట్టకూడదని మా ఆచారంలో ఎక్కడుంది? చావుకి కొట్టి తీరాలన్నదే ఆచారం. లోపల ఎంతమంది పోయారో తెలిసినవాళ్ళు రాయించిన నిబంధన అది” అన్నాడు.

మీరు అక్కడ తిట్టుకుంటున్నది వీళ్ళ ఆచారాన్ని. తిట్టాల్సింది నన్ను.

*

జిరాక్స్ షాపు,
జూన్ 6

డోలు బాబాయి చేత పంపుతున్నాను. నేను రావడం లేదు, నా తీర్మానం నేనే తప్పను. నిజం ఆయనకి చెప్పాను. విని, విమానం టికెట్టు జేబులో పెట్టుకుని, డోలు భుజాన వేసుకున్నాడు.

దాంతో ఏం చెయ్యాలో నేను చెప్పను.

*

పోలీసు వసతి గది,
జూన్ 22

వదినా,

ఈ కాగితం ఇక్కడి కాపలా అతను ఇచ్చాడు. నన్ను వెనక్కి పంపించేస్తున్నారు. ఇరవై తొమ్మిదిన విమానం. మీకు టీవీలో ఏం కనిపించిందో నాకు తెలియదు. జరిగింది రాస్తాను.

మధ్యాహ్నం మ్యాచ్. బాబాయి బస్సు దగ్గర డోలు నా చేతికిచ్చి, వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. తాతా నేనూ పనివాళ్ళ గేటుకి వెళ్ళాం. కాపలావాడు కుర్చీలోంచే, “డోలు కుదరదు, పద్నాలుగు” అన్నాడు. “చావుకి” అన్నాడు తాత. అతను లేచి నిలబడ్డాడు. మేం లోపలికి వెళ్ళేదాకా అలాగే ఉన్నాడు. నలభై నిబంధనలూ ఆ ఒక్క మాట ముందు ఆగలేదు.

ఇరవై మూడో వరస. అరవై ఎనిమిదో నిమిషం. అప్పటిదాకా చేతులు రాలేదు నాకు, అంతే, వేరే లెక్కేమీ లేదు. కొట్టడం మొదలుపెట్టాను. నాకు డోలు రాదని నీకు తెలుసు. బావ వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు.

మనవాళ్ళు ఎనిమిది మందీ డోలు వినగానే మనదే గ్యాలరీ అని ఎగరడం మొదలుపెట్టారు. బాబాయి ఒక్కడే ఎగరలేదు. ఇంతలో ఇక్కడివాళ్ళు లేచారు. మా చుట్టుపక్కల ముందు, తర్వాత ఎదుటి గ్యాలరీ, తర్వాత మొత్తం. పెద్దవాళ్ళు కూర్చునే అద్దాల గదిలో కూడా లేచారు. అన్ని వేల మంది చప్పుడు చెయ్యకుండా నిలబడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మనవాళ్ళు కూడా గాల్లోకి లేపిన చేతులు దించుకున్నారు.

మైదానంలో కూడా అంతే. వాళ్ళ ఆటగాళ్ళు పదకొండు మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గోల్‌కీపరు చేతులు కిందికి వదిలేసి మా వైపు చూస్తున్నాడు. బంతి మన ఎడమవైపు కుర్రాడి దగ్గర ఉంది. అతనికేం తెలుసు? పరిగెత్తుకుంటూ పోయి ఖాళీ గోల్‌లో పెట్టేశాడు. రిఫరీ బయటి దేశంవాడు, ఈల వేసి గోల్ ఇచ్చేశాడు. కుర్రాడు చొక్కా పట్టుకుని ఒక్కడే గెంతాడు. ఎవరూ రాకపోయేసరికి ఆగి, దిక్కులు చూశాడు.

మా ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. “ఎవరు?” అంది. చెప్పాను. “ఎలా?” అంది. వాళ్ళ భాషలోనే, గొంతు చించుకుని చెప్పాను. ఈ వరస మీద నుంచి పడ్డాడు, బెల్టు లేదు, గుండె ఆగిందని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది నేను, అని. ఆవిడ పక్కవాళ్ళకి చెప్పింది, వాళ్ళు కింది వరసకి చెప్పారు. తర్వాత అందరూ పేరు పలికారు. బొంగరం అనడం వాళ్ళకి రాలేదు వదినా. ‘బోంగ్రా’ అన్నారు. వాడి అసలు పేరు చెప్పాలని నాకు తట్టనే లేదు.

పోలీసులు మెట్లెక్కి వస్తుంటే తాత నా నడుముకున్న మంచినీళ్ళ సీసా తీసుకుని రెండు గుక్కలు తాగి ఇచ్చాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మూడు రోజులుగా నన్ను అడుగుతున్నది ఒక్కటే. “మా ఆటగాళ్ళని ఆపమని నిన్ను ఎవరు పంపారు? ఆ గోల్ కోసం ఎంతమంది కలిసి చేశారు?” నేను బెల్టుల సంగతి చెప్తాను, వాళ్ళు గోల్ సంగతి రాసుకుంటారు. రెయిలింగు అంటాను, “ఆ సంగతి కాదు” అంటారు. ఎలా పోయాడని ఆ ముందు వరస ఆవిడ తర్వాత మళ్ళీ ఒక్కరు కూడా అడగలేదు. గోడకి చెప్పుకున్నా నయమే, మధ్యలో అడ్డు తగలదు.

డోలు ఒక పక్క చర్మం చిరిగింది. తెస్తున్నాను.

నేను ఇంటికి రావచ్చా? వద్దంటే అన్నయ్య చేత చెప్పించు, బాబాయి ఇంట్లో ఉంటాను.

మరిది

*

జిరాక్స్ షాపు,
జూన్ 25

మరిదికి,

నీ ఉత్తరం మొన్న వచ్చిన బాబాయి చేతికి నీకు కాగితం ఇచ్చిన ఆ కాపలా అతనే అందేలా చేశాడట. అతను చల్లగా ఉండాలి. ఈ జవాబు కూడా, రేపు అక్కడికి విమానం ఎక్కుతున్న మనిషి చేత అతనికే పంపుతున్నాను.

ఇక్కడ ఎలా ఉందో చెప్తాను. ఒకటి సున్నాతో గెలిచామని వీధి వీధంతా టపాకాయలు. వద్దని చెయ్యెత్తిన ఇరవై ఐదు మందీ ఇప్పుడు ఆ గోల్ తమ సొంతమంటున్నారు. లెక్కల మాస్టారు ఒక్కడు, ఎదుటివాడు నిలబడి ఉండగా వేసిన గోల్ చెల్లదంటాడు. ఆట ఆపమని రిఫరీ ఈల వెయ్యలేదు కాబట్టి చెల్లుతుందని మిగతావాళ్ళు. టీవీలో నాలుగు దేశాలవాళ్ళు కూర్చుని ఆటలో ఆచారాలు ఉండొచ్చా, ఆచారాల కోసం ఆట ఆపాలా అని కొట్టుకుంటున్నారు. నా షాపులో అదే గోల. నిన్న ఒకడు ‘చెల్లింది’ అని పోస్టరు రాసి తెచ్చి యాభై కాపీలు కావాలన్నాడు. కాగితం లేదని పంపేశాను. వాడి వెనక రీములు పేర్చి ఉన్నాయి, చూసుకుంటూ పోయాడు. వీళ్ళ మధ్య పన్నెండేళ్ళు డోలు వాయించాడు మా తమ్ముడు.

టీవీవాళ్ళు డోలు మోగగానే శబ్దం ఆపేశారు. నువ్వు చెప్పింది మాకు వినపడలేదు. గోల్ మాత్రం నలభై సార్లు వేశారు. నలభై సార్లూ నేను ఆ బంతిని చూడలేదు, ఆ గోల్‌కీపరునే చూశాను. అమ్మ కూడా మంచం మీద నుంచి చూస్తోంది. “ఆ అబ్బాయి ఎందుకే అలా నిలబడిపోయాడు? ఎవర్ని చూస్తున్నాడు?” అని అడిగింది. నేను చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ కొడుకు గుండె బలహీనమనే అనుకుంటోంది. తన పాలు చాలలేదేమో, చిన్నప్పుడు సరిగ్గా పెట్టలేదేమో అని పది నెలలుగా తనని తనే తినేస్తోంది. ఆ సంగతి నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. నేను కూడా నీ దగ్గర దాచాను చూడు.

నిన్ను క్షమించానా అని బాబాయి అడిగాడు. లేదన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధాలు చాలు మనకి.

ఇంటికే రా. బాబాయి ఇంటికి ఎందుకు? మీ అన్నయ్య స్టేషనుకి వస్తాడు, నోరు విప్పి ఆ మాట తనే అన్నాడు. కాళ్ళు కడుక్కుని తిన్నగా అమ్మ గదిలోకి వెళ్ళు. చిరిగినా సరే, రెండో పక్క వాయించు. ఆవిడ “ఎవరు?” అని అడగదు, ఎవరో ఆవిడకి తెలుసు. రెండోది చెప్పు. అన్ని వేల మందికి చెప్పినవాడివి, ఒక్క మనిషికి చెప్పలేవా?

వాళ్ళ పద్ధతిలో వినేవాళ్ళు నిలబడాలన్నావు. అమ్మ నిలబడలేదు. ఆవిడ బదులు నేను నిలబడతాను.

వదిన